ఫోన్‌లోంచి గిరాకీ: చిన్న వ్యాపారానికి సోషల్ మీడియాను ఎలా వాడుకోవాలి

మూడేళ్ల కిందట, సంక్రాంతి ఇంకో పది రోజులుందనగా, రాత్రి తొమ్మిదిన్నరకు మా వాట్సాప్‌కు ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, సకినాలు కిలో ఎంత? నాలుగు కిలోలు కావాలె." నేను చూసింది మర్నాడు పొద్దున పదకొండుకు. వెంటనే రేటు పెట్టి, ఆలస్యమైందని కూడా రాశాను. "వేరే దగ్గర చెప్పినం అక్కా" అని జవాబొచ్చింది. అప్పుడు మా అత్తమ్మ పక్కనే గుడ్డ పరిచి, వంచిన నడుము ఎత్తకుండా సకినాలు చుడుతోంది. ఆమె పనితనంలో ఏ లోటూ లేదు. లోటంతా నా ఫోన్ దగ్గరే ఉంది.

మేము నల్లగొండలో ఇంట్లోనే తొక్కులు, పిండివంటలు చేసి అమ్ముతాం. ఆ రోజు నుంచి నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది: ఫోన్‌లో వచ్చిన మెసేజ్ అంటే గల్లా ముందు నిలబడ్డ మనిషి. దుకాణం మెట్లెక్కి వచ్చిన మనిషిని పదమూడు గంటలు నిలబెట్టం కదా! ఆ మనిషిని మన దాకా రప్పించడం ఎలా, వచ్చాక ఉత్త చేతులతో పంపకుండా ఉండడం ఎలా, ఈ రెండే ఇక్కడ చెబుతున్నాను. మీది టైలరింగ్ కావచ్చు, చీరల దుకాణం కావచ్చు, జడ్చర్ల రోడ్డు మీద నర్సరీ కావచ్చు. మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు కాగితం మీద రాసుకోండి

ఏ యాప్ తెరవకముందే ఒక కాగితం తీసుకుని, పోయిన నెలలో మీ దగ్గర కొన్న ఇరవై మందిని గుర్తు చేసుకుని రాయండి. పేరు, ఊరు, ఏం కొన్నారు, మీ సంగతి వాళ్లకు ఎలా తెలిసింది. అరగంట పని. నేను రాసినప్పుడు ఇరవైలో పదకొండు మంది హైదరాబాద్‌లో ఉంటున్న మన నల్లగొండ వాళ్లే అని తేలింది. వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్. అప్పటిదాకా నేను మా వాడకట్టు వాళ్ల కోసమే ఫొటోలు పెడుతున్నాను, పక్కింటి వాళ్లకు ఫొటో ఎందుకు, వాసన చాలు.

ఆ కాగితమే మీకు ఏ యాప్ కావాలో చెబుతుంది. తెలిసినవాళ్లు, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనాలంటే వాట్సాప్. "దగ్గరలో ఏముంది" అని వెతికేవాళ్లు దొరకాలంటే గూగుల్ మ్యాప్స్. మీరెవరో తెలియనివాళ్లు చూసి ఇష్టపడాలంటే ఇన్‌స్టాగ్రామ్. నలభై దాటిన కొనుగోలుదారులు ఎక్కువుంటే ఫేస్‌బుక్ పేజీ కూడా పనికొస్తుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిందే అక్కడా పడేలా రెంటినీ కలిపేస్తే సరిపోతుంది. నాలుగూ ఒకేరోజు తెరవొద్దు. వాట్సాప్ ముందు, గూగుల్ తర్వాత, ఇన్‌స్టాగ్రామ్ మూడోది. ఒక్కోదానికి నెల రోజులు ఇవ్వండి.

మొదటి నెల: వాట్సాప్ బిజినెస్

మామూలు వాట్సాప్ వేరు, వాట్సాప్ బిజినెస్ యాప్ వేరు. రెండోది కూడా ఉచితమే. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. ఒకే నంబర్‌ను రెండు యాప్‌లలో ఒకేసారి వాడటం కుదరదు. పాత నంబరే గిరాకీకి అలవాటై ఉంటే దాన్నే బిజినెస్ యాప్‌లోకి మార్చుకోవచ్చు, కానీ ముందు చాట్‌ల బ్యాకప్ తీసుకోండి.

ప్రొఫైల్‌లో దుకాణం పేరు, ఏం అమ్ముతారో ఒక్క వాక్యం, చిరునామా, తెరిచి ఉండే వేళలు రాయండి. ఫొటో దగ్గర దేవుడి బొమ్మో పిల్లల ఫొటోనో కాకుండా మీ సరుకునో బోర్డునో పెట్టండి. తర్వాత క్యాటలాగ్. అందులో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, మీకు పది చాలు. ప్రతి వస్తువుకూ మంచి ఫొటో ఒకటి, తూకం, రేటు. "మామిడికాయ తొక్కు, అరకిలో, ఇంత" అని తేటగా ఉండాలి.

రేటు దాచొద్దు. ఫొటో కింద "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మన దగ్గర చాలామంది రేటు అడగడానికే మొహమాటపడతారు. అడిగాక కొనకపోతే ఏమనుకుంటారోనని అసలు అడగకుండానే వెళ్లిపోతారు. రేటు కనిపిస్తే కొనగలిగినవాళ్లు ధైర్యంగా మాట్లాడతారు, మీకు కూడా ఒకే జవాబు రోజుకు ముప్పైసార్లు కొట్టే పని తప్పుతుంది.

యాప్ సెట్టింగ్స్‌లో మూడు సౌకర్యాలున్నాయి, మూడూ వాడండి. కొత్తగా మెసేజ్ పెట్టినవాళ్లకు దానంతటదే వెళ్లే పలకరింపు ఒకటి. మీరు లేని వేళల్లో వెళ్లే జవాబు రెండోది. తరచుగా రాసే మాటలను దాచుకుని, ఒక ఏటవాలు గీత (/) కొట్టగానే తెచ్చుకునే క్విక్ రిప్లై మూడోది. నాకు రాత్రి వేళ వెళ్లే జవాబు ఇలా ఉంటుంది:

"నమస్తే. ఇప్పుడు పొయ్యి ఆర్పేసి పడుకున్నాం. పొద్దున 7 గంటలకు తప్పకుండా జవాబిస్తాం. రేట్లన్నీ క్యాటలాగ్‌లో ఉన్నాయి, ఈలోగా చూడండి. ఏది, ఎన్ని కిలోలు, ఏ ఊరికి పంపాలో రాసిపెడితే పొద్దున్నే లెక్క చెప్తాం."

ఈ నాలుగు ముక్కలు పెట్టాక రాత్రి మెసేజ్ పెట్టినవాళ్లు చాలావరకు పొద్దున దాకా ఆగుతున్నారు. ఏడు గంటలన్నాం కాబట్టి ఏడు గంటలకు జవాబు వెళ్లాలి. ఆ మాట తప్పితే ఈ మెసేజ్ పెట్టకపోవడమే మేలు.

చాట్‌లకు రంగు గుర్తులు పెట్టుకునే లేబుల్స్ కూడా ఉన్నాయి. నేను నాలుగే వాడతాను: అడిగారు, ఆర్డర్ ఇచ్చారు, డబ్బు రావాలి, పంపేశాం. పండగ వారంలో ఎవరి పార్సిల్ ఎక్కడుందో ఈ నాలుగు రంగులే చెబుతాయి.

ఇక బ్రాడ్‌కాస్ట్, గ్రూపు, వీటి తేడా చాలామందికి తెలియక గిరాకీని పోగొట్టుకుంటున్నారు. గ్రూపులో చేరిస్తే ఒకరి నంబర్ మిగతా అందరికీ కనిపిస్తుంది. మన దగ్గర చీరో తొక్కో కొన్న ఒక అమ్మాయి నంబర్ రెండు వందల మంది కొత్తవాళ్ల చేతిలో పడటం ఆమెకు నచ్చుతుందా? మర్నాటి నుంచి ఎవడో గుడ్ మార్నింగ్ పెట్టడం మొదలుపెడతాడు. ఆమె గ్రూపులోంచి వెళ్లిపోతుంది, మీ దగ్గర కొనడమూ మానేస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే ఎవరికి వాళ్లకు విడిగా మెసేజ్ వెళ్తుంది, ఒకరికొకరు కనిపించరు. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టవచ్చు. ఒక మెలిక ఉంది: మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది.

అందుకని సేవ్ చేయించుకోవడమే అసలు పని. మేము ప్రతి ప్యాకెట్‌లో చిన్న చీటీ పెడతాం: "ఈ నంబర్ సేవ్ చేసుకుని 'తొక్కు' అని ఒక్క మాట పంపండి. కొత్త సరుకు వచ్చినప్పుడు మాత్రమే చెప్తాం." ఆ మాట పంపినవాళ్లనే లిస్టులో చేరుస్తాను, అది వాళ్ల అనుమతి. వారానికి ఒక్కసారి మించి పంపను. స్టేటస్ మాత్రం రోజూ పెడతాను. చూడాలనుకున్నవాళ్లే చూస్తారు కాబట్టి ఎవరికీ విసుగు రాదు, ఇరవై నాలుగు గంటల్లో అదే పోతుంది.

రెండో నెల: గూగుల్‌లో మీ దుకాణం

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటుతూ ఎవరో "దగ్గరలో టిఫిన్" అని వెతుకుతారు. పిల్లలమర్రి చూడటానికి మహబూబ్‌నగర్ వచ్చినవాళ్లు "జొన్న రొట్టె" అని వెతుకుతారు. వాళ్లు ఇన్‌స్టాగ్రామ్ తెరవరు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉన్న దుకాణమే వాళ్లకు కనిపిస్తుంది. ఇది కూడా ఉచితం. "గూగుల్ నుంచి ఫోన్ చేస్తున్నాం, రిజిస్ట్రేషన్‌కు ఇంత కట్టండి" అనే ఫోన్లు వస్తాయి, కట్టొద్దు.

పేరు, చిరునామా, ఫోన్, వేళలు నింపాక గూగుల్ చాలాసార్లు వీడియో అడుగుతుంది. వీధి, బోర్డు, లోపలి సరుకు, మీరు తాళం తీస్తున్నది, ఆపకుండా ఒకే వీడియోలో తీసి పంపాలి. ఇంటి నుంచి నడిపేవాళ్లు ఇంటి చిరునామా కనిపించకుండా పెట్టుకుని, ఏయే ఊళ్లకు ఇస్తారో అది మాత్రం చూపవచ్చు. ఆడవాళ్లు ఒంటరిగా నడిపే పనులకు ఇది చాలా అవసరం.

బాగుందని నోటితో చెప్పినవాళ్లను అదే నిమిషంలో రివ్యూ అడగండి. "అన్నా, ఈ ముక్కే గూగుల్‌లో రాయరాదే" అంటే కాదనేవాళ్లు తక్కువ. గల్లా దగ్గర రివ్యూ పేజీ తెరిచే క్యూఆర్ అతికించండి. డబ్బిచ్చి రివ్యూలు రాయించుకోవద్దు, గూగుల్ వాటిని తీసేస్తుంది, ప్రొఫైలే ఆపేసినా ఆపేస్తుంది. ఇంకో సంగతి, పండగకు దుకాణం మూస్తే ఆ రోజు మూసి ఉందని అందులో మార్చండి. దేవరకొండ నుంచి వచ్చి తాళం చూసి వెనక్కి పోయిన మనిషి మళ్లీ రాడు.

మూడో నెల: ఇన్‌స్టాగ్రామ్‌కు ఫొటోలు, వీడియోలు

కెమెరా కొనక్కర్లేదు, లైట్లు కొనక్కర్లేదు. ముందు ఫోన్ లెన్స్‌ను మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. వంటింట్లో వాడే ఫోన్‌కు నూనె మరక ఉంటుంది, దానివల్లే ఫొటో పొగ పట్టినట్టు వస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టి తీయండి. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. వెలుతురు పక్క నుంచి పడితే తొక్కు మీద నూనె మెరుపు, సకినం మీద నువ్వు గింజ కనిపిస్తాయి. ఎంత పెద్దదో తెలియడానికి చేయో చెంచానో పక్కన ఉండాలి.

చీరలవాళ్లకు రంగు దగ్గరే సగం గొడవలు. ఫోన్ మెరూన్‌ను ఎరుపుగా చూపిస్తుంది, నెమలి రంగును నీలంగా చూపిస్తుంది. చీర పక్కన తెల్లటి గుడ్డ పెట్టి తీయండి. ఫొటోలో ఆ తెలుపు తెల్లగా ఉంటే చీర రంగు కూడా దాదాపు నిజమే. ఫిల్టర్ వాడొద్దు. అయినా తేడా అనిపిస్తే "చేతిలో ఇంకాస్త ముదురుగా ఉంటుంది" అని రాసేయండి. ఆ ఒక్క వాక్యం ఎన్నో రిటర్న్‌లను ఆపుతుంది.

మన జిల్లాల చీరల్లో చూపించడానికి ఎంత ఉందో! సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలూ పట్టూ కలిసే గీతను వేళ్ల మధ్య పట్టుకుని, ఫోన్ జానెడు దూరంలో పెట్టి పది సెకన్లు చూపించండి. ఏ మోడలూ అక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ అమ్మేవాళ్లు చీరను తిప్పి వెనకవైపు చూపించాలి. ఇక్కత్‌లో నేయకముందే దారానికి రంగు పడుతుంది, అందుకే ముందూ వెనకా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. ఇక్కత్‌లా అచ్చు వేసిన గుడ్డ అయితే వెనక వెలిసినట్టు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి తిప్పి చూపిస్తే కొనేవాళ్లకు కళ్లు తెరుచుకుంటాయి, మీ రేటు ఎందుకు ఎక్కువో మీరు చెప్పక్కర్లేదు. హ్యాండ్‌లూమ్ మార్క్, సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే దాన్నీ దగ్గరగా చూపండి.

వీడియో నిలువుగా తీయండి, ఫోన్‌ను అడ్డంగా తిప్పొద్దు. ఇరవై, ముప్పై సెకన్లు చాలు. నమస్తే, మా దుకాణానికి స్వాగతం, ఈ రోజు మనం అంటూ మొదలుపెడితే అప్పటికే వేలు పైకి జరిపేస్తారు. మొదటి రెండు సెకన్లలో పని జరుగుతూ ఉండాలి. మా ఇంట్లో బాగా నడిచిన వీడియో సంగతి చెబుతాను. గుడ్డ మీద అత్తమ్మ చేయి ఒక్కటే కనిపిస్తుంది. తడి పిండిని బొటనవేలూ చూపుడువేలూ మధ్య మెలిపెడుతూ, చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ ఇంకోటి, ఇంకోటి, ఎక్కడా తెగకుండా తిప్పుతుంది. గాజుల చప్పుడు, వెనక పొయ్యి మీద నూనె చప్పుడు. చివర్లో ఆమె గొంతు: "బిడ్డా, ఇది సాంచలో వచ్చేది గాదు, చేతుల రావాలె." అంతే. పాట పెట్టలేదు. ఆ వారం వచ్చిన ఆర్డర్లు తీర్చడానికి మా వదినెను కూడా పిలిపించుకున్నాం.

మీ యాస దాచొద్దు. వీడియో అనగానే మనవాళ్లు టీవీ యాంకర్ భాష తెచ్చిపెట్టుకుంటారు, గొంతు బిగుసుకుపోతుంది. నల్లగొండ మనిషి నల్లగొండ మాటే మాట్లాడితే దూరంగా ఉన్న మన వాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. వాళ్లు కొనేది తొక్కుతో పాటు ఆ మాటను కూడా.

సినిమా పాటల విషయంలో జాగ్రత్త. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ అకౌంట్లకు అన్ని పాటలూ వాడుకునే హక్కు ఉండదు, వేరే చోట నుంచి తెచ్చి అతికిస్తే వీడియో మూగబోవచ్చు. మీ పని చప్పుడే వినిపించండి: మగ్గం చప్పుడు, కుట్టు మిషన్, పెనం మీద రొట్టె తట్టే చేయి.

వీడియో కింద ఏం అమ్ముతున్నారు, తూకం, రేటు, ఊరు పేరు, వాట్సాప్ నంబర్ తెలుగులో రాయండి. ఊరి పేరు తప్పకుండా ఉండాలి. "మహబూబ్‌నగర్ బ్లౌజ్ మగ్గం వర్క్" అని వెతికే వాళ్లకు మీరు అలాగే దొరుకుతారు. వారానికి రెండు వీడియోలు చాలు, కానీ ఆ రెండూ ఆగకూడదు.

కాలాన్ని బట్టి నడవండి

ఏం పోస్ట్ చేయాలో తోచడం లేదని చాలామంది అడుగుతారు. మన పంచాంగమే చెబుతుంది. మాకు కార్తీకంలో ఉసిరికాయ, తర్వాత చింతకాయ తొక్కు, సంక్రాంతికి సకినాలు, అరిసెలు, చలి తగ్గేవేళకు పండుమిరపకాయ, ఎండల్లో మామిడికాయ. కొల్లాపూర్ మామిడి అమ్మేవాళ్లకు ఎండాకాలం తప్ప వేరే కాలమే లేదు. కానీ పూత పట్టినప్పటి నుంచే తోట చూపిస్తూ వస్తే కాయ కోసే నాటికి ఆర్డర్లు చేతిలో ఉంటాయి. చీరలవాళ్లకు బతుకమ్మ, పెళ్లి ముహూర్తాలు, ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. పూజ సామాన్లు, బొమ్మలు, మిఠాయిలు అమ్మేవాళ్లకు కార్తీకంలో కురుమూర్తి, మాఘంలో చెరువుగట్టు, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరలు.

పండగకు మూడు వారాల ముందు మొదలుపెట్టండి. మొదటి వారం పని చూపించండి, రెండో వారం రేట్లు పెట్టి ఆర్డర్లు తీసుకోండి, మూడో వారం "ఫలానా తేదీతో ఆర్డర్లు బంద్" అని చెప్పి నిజంగానే బంద్ చేయండి. మేము మొదటి ఏడు బంద్ చేయలేదు. భోగి నాటికి నలభై కిలోలు బాకీ పడ్డాం, ఆరుగురికి పండగ తర్వాత పంపాం. పండగ తర్వాత చేరిన సకినాలను ఎవరు మెచ్చుకుంటారు?

డబ్బు పెట్టే ముందు

"పది వేల మంది ఫాలోయర్లను తెప్పిస్తా" అని ఒకతను వస్తే నేను నాలుగు వేల రూపాయలు ఇచ్చాను. నిజంగానే తెచ్చాడు. ఎక్కడెక్కడి వాళ్లో, ఒక్కరూ తెలుగు వాళ్లు కారు, ఒక్కరూ రేటు అడగలేదు. పైగా మన పోస్టు వాళ్లు పట్టించుకోకపోయేసరికి మన అసలు గిరాకీకి చూపించడం కూడా తగ్గింది. ఆ పేజీ వదిలేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు పదకొండు వందల మంది ఉన్నారు, వాళ్లలో చాలామంది పేర్లు నాకు తెలుసు.

యాడ్ ఇవ్వాలనుకుంటే, ఇప్పటికే జనం రేటు అడిగిన పోస్టుకే ఇవ్వండి. ఎవరూ అడగని పోస్టుకు డబ్బు పోసినా ఎవరూ అడగరు. మ్యాప్‌లో మీ ఊరు పెట్టి, చుట్టూ ఎన్ని కిలోమీటర్లో ఎంచుకోవచ్చు. టైలర్‌కు పది, పదిహేను కిలోమీటర్లు చాలు. చీరలకు హైదరాబాద్ కూడా కలపండి. యాడ్ నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. రోజుకు రెండు వందల చొప్పున ఐదు రోజులు చూసి, ఎంతమంది మెసేజ్ పెట్టారు, ఎంతమంది కొన్నారు లెక్కేయండి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఐఫోన్ యాప్‌లోంచి పోస్టుకు డబ్బు కట్టి బూస్ట్ చేస్తే ఆపిల్ చార్జీ కూడా పడవచ్చు, బ్రౌజర్‌లో తెరిచి కట్టండి.

ఊళ్లో వీడియోలు చేసే పిల్లలతో చెప్పించడం కొన్నిసార్లు యాడ్ కంటే బాగా పనిచేస్తుంది. వాళ్ల ఫాలోయర్లలో మన జిల్లా వాళ్లు ఎంతమందో స్క్రీన్ మీద చూపించమనండి. డబ్బిచ్చి చేయించుకుంటే అది ప్రకటన అని వీడియోలో కనపడేలా రాయించండి.

ఆర్డర్, డబ్బు, పార్సిల్

ఆర్డర్ ఖాయమయ్యాక పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్, ఇంకో ఫోన్ నంబర్, వస్తువు, తూకం ఒకే మెసేజ్‌లో రాయించుకోండి. దాన్నే తిరిగి పంపి "సరేనా?" అని అడగండి. చేసి ఇచ్చే పనులకు సగం అడ్వాన్స్ తీసుకోవడంలో మొహమాటం వద్దు.

యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు. స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయగలరు. మీ బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందో లేదో మీరే చూసుకోండి. "మిలిటరీ క్యాంపుకు యాభై కిలోలు కావాలి, అడ్వాన్స్ పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనే ఫోన్ మాకే రెండుసార్లు వచ్చింది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొడితే మీ డబ్బే పోతుంది. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

తినే వస్తువులు అమ్మేవాళ్లు ఇంట్లో చేసినా సరే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు చేయించుకుని ఆ 14 అంకెల నంబర్‌ను ప్యాకెట్ మీద వేయాలి. చేసిన తేదీ, తూకం, ఏమేం వేశారో కూడా రాయండి. ఇవన్నీ ఉన్న ప్యాకెట్ ఫొటో పెట్టడమే ఒక మంచి పోస్టు. కొత్తవాళ్లకు అక్కడే నమ్మకం కుదురుతుంది.

పార్సిల్‌కు మేము హైదరాబాద్ వైపు ఆర్టీసీ కార్గో, దూరాలకు స్పీడ్ పోస్టు వాడతాం. తొక్కు పంపడం మాత్రం నేర్చుకోవాల్సిన విద్య. మొదట్లో ఒక డబ్బా దారిలో కారి, మొత్తం పార్సిల్ నూనెతో తడిసి చేరింది. ఆమె ఫొటో పంపింది, చూడగానే కడుపులో దేవినట్టయింది. మళ్లీ చేసి పంపాం, డబ్బు తీసుకోలేదు. అప్పటి నుంచి పైన తేలిన నూనె కాస్త తగ్గించి, మందపాటి కవర్‌లో వేసి సీల్ చేసి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టి, అప్పుడు డబ్బాలో పెడుతున్నాం. పంపే ముందు ప్యాకెట్‌ను తలకిందులుగా ఒక రాత్రి పేపర్ మీద ఉంచుతాం. పొద్దున పేపర్ మీద మరక లేకపోతేనే పార్సిల్ కడతాం.

మాట పడాల్సి వస్తే

ఎవరో ఒకరు "ఉప్పు కషాయం, డబ్బులు దండగ" అని అందరూ చూసేచోట రాస్తారు. కామెంట్ తీసేయొద్దు, వాదించొద్దు. కోపం తగ్గాక, కానీ అదే రోజు, అక్కడే జవాబు రాయండి: "అమ్మా, ఏ తేదీ ప్యాకెట్ అది? ఆ వాయిలో ఉప్పు ఎక్కువ పడిందేమో చూస్తాం. మీకు వేరేది పంపుతాం." మిగతా మాటలు విడిగా మెసేజ్‌లో. మేము నిజంగానే ఆ తేదీ ప్యాకెట్ విప్పి రుచి చూశాం, ఎక్కువే పడింది. ఆ వాయిలో మిగిలింది అమ్మలేదని కూడా అక్కడే రాశాను. ఆ జవాబు చదివి ఆర్డర్ ఇచ్చినవాళ్లు ఇద్దరున్నారు.

తాళం చెవి మీ దగ్గరే ఉండాలి

నా మొదటి పేజీ ఒక పిల్లాడు తన నంబర్‌తో, తన మెయిల్‌తో తెరిచాడు. అతను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక పాస్‌వర్డ్ అడిగితే ఫోన్ ఎత్తలేదు. అందుకే ఎవరు తెరిచి పెట్టినా సరే, ఫోన్ నంబర్, మెయిల్ మీవే ఉండాలి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకు కూడా రెండో తాళం ఉంది, వేసుకోండి. ఫోన్‌కు వచ్చిన ఆరు అంకెల కోడ్‌ను ఎవరడిగినా చెప్పొద్దు. మీకు బాగా తెలిసిన నంబర్ నుంచి అడిగినా చెప్పొద్దు, ఆ నంబర్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో పడి ఉండొచ్చు.

ఆదివారం లెక్క

లైకులు లెక్కపెట్టొద్దు. ఒక నోటుబుక్కులో ఐదు గీతలు గీయండి: తేదీ, ఎవరు అడిగారు, ఎక్కడ చూసి వచ్చారు, కొన్నారా లేదా, ఎంత. "మా సంగతి ఎట్ల తెలిసిందమ్మా?" అని ప్రతి కొత్త మనిషినీ అడగండి. ఆదివారం అరగంట కూర్చుని ఆ వారం రాసింది చదవండి. ఏ వీడియో పెట్టిన రోజున మెసేజ్‌లు పెరిగాయో, ఏ వేళకు ఎక్కువ వస్తున్నాయో తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇన్‌సైట్స్ తెరిస్తే ఎంతమంది సేవ్ చేసుకున్నారో, ఎంతమంది ఇంకొకరికి పంపారో ఉంటుంది, ఆ రెండు అంకెలు మాత్రం బుక్కులో ఎక్కించండి. అడిగి కొనని వాళ్ల వరుస కూడా చూడండి. మాకు ఆ వరుసలో మూడు నెలలు ఒకటే మాట కనిపించింది: "పావుకిలో లేదా?" అప్పటిదాకా అరకిలోకు తక్కువ కట్టేవాళ్లం కాదు. ఇప్పుడు మా ప్యాకెట్లలో సగానికి పైగా పావుకిలోవే.

మొన్నటి ఆదివారం ఆ బుక్కులో ఒక వరుస ఇలా ఉంది: మంగళవారం, వనస్థలిపురం నుంచి ఒకామె, పక్కింటి వాళ్ల ప్యాకెట్ మీద నంబర్ చూసి. చింతకాయ తొక్కు, పావుకిలో, రెండు. రాత్రి తొమ్మిదీ నలభైకి అడిగింది. పొద్దున ఏడుకు జవాబిచ్చాం.